ఆఫ్‌లైన్ అంటే పాడైపోయినట్టు కాదు

సంపాదకులకు,

నమస్కారం.

గత ఆదివారం మీ సాంకేతిక పేజీలో కొత్త రౌటర్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. రౌటర్‌ను ఏ గదిలో పెట్టాలి, ఎంత ఎత్తులో పెట్టాలి, రెండు బ్యాండ్లంటే ఏమిటి, అన్నీ అర్థమయ్యేలా రాశారు. చివర్లో ఒక్క వాక్యం మాత్రం నాకు మింగుడు పడలేదు. ‘పాత ప్రింటర్లు కొత్త రౌటర్లతో కలవకపోవచ్చు, అలాంటప్పుడు వాటిని మార్చుకోవడమే మేలు’ అన్నారు. ఆ మాట నమ్మి ఎంతమంది శుభ్రంగా పనిచేసే ప్రింటర్‌ను అటకెక్కించి ఉంటారో అని దిగులేసింది. రెండు నెలల క్రితం నేనూ ఆ పని చేయబోయాను. ఎందుకు ఆగానో, ఆగాక ఏం తెలిసిందో రాస్తాను. కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది, కుదించకుండా వేయమని మనవి.

నేను ఇంటి దగ్గర కూర్చుని ప్రూఫులు దిద్దుతాను. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. తెర మీద ప్రూఫు చదవడం నాకు కుదరదు. ‘ళ’ ఉండాల్సిన చోట ‘ల’ పడినా, ఒత్తు పక్క అక్షరం కిందికి జారినా, దీర్ఘం ఎగిరిపోయినా తెర మీద కన్ను దాటుకుని వెళ్లిపోతుంది. అదే కాగితం మీద స్కేలు పెట్టి వరుస వరుసా చదివితే దొరికిపోతుంది. కాబట్టి నా పనికి ప్రింటర్ ప్రాణం లాంటిది. 2013లో కొన్నాం. నలుపు తెలుపు లేజర్ ప్రింటర్, రెండు వరుసల చిన్న తెర, నాలుగు బాణాల బటన్లు, మధ్యలో ఓకే బటన్. ఇన్నేళ్లలో కాగితం లాగే రబ్బరు రోలరు ఒకసారి మార్పించాను, అంతే. టోనరు నిండుగా ఉంటే ఇవాళ్టికీ అరసున్నా కూడా విడిగా కనిపించేంత స్పష్టంగా అచ్చు వేస్తుంది.

ఆ శనివారం పాత రౌటర్ తీసి కొత్తది పెట్టించాం. పాతది పూటకు నాలుగుసార్లు పడిపోతుండేది, మార్చక తప్పలేదు. పెట్టడానికి వచ్చిన కుర్రాడు నెమ్మదస్తుడు, పని తెలిసినవాడే. అరగంటలో ఫోన్లు, ల్యాప్‌టాప్, టీవీ కలిపేసి, పాత రౌటర్‌ను సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. ప్రింటర్ ఉందా అని అతను అడగలేదు, నాకూ గుర్తు రాలేదు. ప్రింటర్‌కు తెలిసిన ఒకే ఒక్క వైఫై ఆ సంచిలో వెళ్లిపోయిందని సాయంత్రానికి గానీ తెలియలేదు.

సోమవారం పొద్దున ఇవ్వాల్సిన 48 పేజీల ప్రూఫు ఉంది. ప్రింట్ నొక్కాను. ల్యాప్‌టాప్ మీద ప్రింటర్ పేరు పక్కన ‘ఆఫ్‌లైన్’ అని పడింది. వెళ్లి చూస్తే ప్రింటర్ చిన్న తెర మీద ‘సిద్ధం’ అనే ఉంది. కానీ వైఫై గుర్తు పక్కనున్న నీలం దీపం ఆగకుండా మిణుకుమంటోంది. ఆపి మళ్లీ వెలిగించాను. మళ్లీ నొక్కాను. ఆ కంగారులో ఐదుసార్లు నొక్కినట్టున్నాను. ఆ కుర్రాడికి ఫోన్ చేస్తే, ‘మీది బాగా పాత మోడల్ మేడమ్, కొత్త రౌటర్లకు ఇవి పట్టవు, కొత్తది తీసేసుకోండి’ అన్నాడు. చెడు ఉద్దేశంతో అన్న మాట కాదది. అతనికి ఎవరో అలా చెప్పి ఉంటారు, అదే నాకు చెప్పాడు. మీ వ్యాసంలో వాక్యమూ అలాగే వచ్చిందని నా అనుమానం.

ముందు రోజు ముప్పై పేజీలు నిగనిగలాడుతూ ఇచ్చిన ప్రింటర్ రాత్రికి రాత్రి పాతదైపోతుందా అన్న ప్రశ్న దగ్గర నేను ఆగాను. డబ్బాలో ఎప్పుడూ తీయని యూఎస్‌బీ కేబుల్ ఒకటి పడి ఉంది. ఒక కొస ల్యాప్‌టాప్‌కు, చదరపు కొస ప్రింటర్ వెనక్కి గుచ్చాను. ల్యాప్‌టాప్ కాసేపు ఆలోచించి అదే ప్రింటర్‌ను రెండోసారి, కొత్త వరుసలో చూపించింది. 48 పేజీలూ వచ్చేశాయి. ఆ రాత్రికి గండం గట్టెక్కింది, దానికంటే ముఖ్యంగా ప్రింటర్ ఆరోగ్యంగా ఉందని తేలిపోయింది. ఇంట్లో ఎవరికైనా ఈ పరిస్థితి వస్తే మొట్టమొదట చేయాల్సింది ఇదే అంటాను. కేబుల్‌తో అచ్చు పడితే యంత్రంలో తప్పు లేదు, తప్పు దారిలో ఉంది. ఇక కంగారు లేకుండా దారి వెతుక్కోవచ్చు.

ఆదివారం మా అబ్బాయి ఫోన్‌లో దొరికాడు. ‘ల్యాప్‌టాప్‌లో ఏదీ ముట్టుకోకమ్మా. ప్రింటర్‌ను తీసేసి మళ్లీ చేర్చమని అందరూ చెబుతారు, ఇప్పుడే వద్దు. ఫ్యాక్టరీ రీసెట్ అసలే వద్దు. ముందు ప్రింటర్ చేతే దాని నెట్‌వర్క్ పేజీ అచ్చు వేయించు’ అన్నాడు. ఇన్నేళ్లుగా వాడుతున్నా అలాంటి పేజీ ఒకటి ఉంటుందని నాకు తెలియదు. దాదాపు అన్ని నెట్‌వర్క్ ప్రింటర్లలోనూ ఉంటుంది. మెనూలో నెట్‌వర్క్ అనే చోటికి వెళ్తే ‘కాన్ఫిగరేషన్ ప్రింట్’ అనో ‘రిపోర్ట్’ అనో కనిపిస్తుంది. తెర లేని ప్రింటర్లలో ఏదో ఒక బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే వస్తుంది. దీనికి వైఫై అక్కర్లేదు, కంప్యూటర్ అక్కర్లేదు. తనకు ఏం తెలుసో ప్రింటర్ తానే చెప్పే పేజీ అది.

ఆ పేజీని ప్రూఫు చదివినట్టే చదివాను. నాకు అర్థమైన వరుసలు ఇవి. వైఫై పేరు: మా పాత రౌటర్ పేరు. స్థితి: కలవలేదు. భద్రత, అంటే వైఫైకి వేసే తాళం రకం: డబ్ల్యూపీఏ2. ఐపీ అడ్రస్, అంటే ఇంటి నెట్‌వర్క్‌లో ఆ యంత్రం నంబరు: 192.168.1.50. అడ్రస్ ఎలా వచ్చింది అన్నచోట ‘మాన్యువల్’. ఇవి కాక వైఫై ప్రమాణం అన్నచోట 802.11 బీ, జీ, ఎన్ అని, 2.4 గిగాహెర్ట్జ్ అని ఉంది. ఈ ఐదారు వరుసల్లోనే నా సమస్య మొత్తం ఉంది. ఒకటి కాదు, ఒకదాని కింద ఒకటి మూడు. పైది తొలగిస్తే గానీ కిందది కనిపించదు. చాలామంది మధ్యలో చేతులెత్తేసి కొత్త ప్రింటర్ కొనేది ఇక్కడే అనుకుంటాను. ఒకటి సరిచేసినా పని జరగదు కాబట్టి, చేసిన సవరణే తప్పనుకుని దాన్ని వెనక్కి తీసేసుకుంటారు.

మొదటిది తాళం సంగతి. ప్రింటర్ మెనూలో వైఫైల జాబితా తీస్తే కొత్త రౌటర్ పేరు కనిపించింది. కనిపించింది కదా అని సంబరపడి పాస్‌వర్డ్ కొట్టడం మొదలుపెట్టాను. రెండు వరుసల తెర మీద పైబాణం నొక్కుతూ పోతే ఒక్కొక్క అక్షరం మారుతుంది, చిన్న అక్షరాలన్నీ దాటాక పెద్దవి, అవి దాటాక అంకెలు, ఆ తర్వాత గుర్తులు. పద్నాలుగు అక్షరాల పాస్‌వర్డ్‌కు పావుగంట పట్టింది. ‘పాస్‌వర్డ్ తప్పు’ అంది. మళ్లీ కొట్టాను. తప్పు. మూడోసారి కొట్టేముందు కాగితం మీద రాసుకుని ఒక్కో అక్షరానికీ టిక్కు పెట్టుకుంటూ కొట్టాను. అప్పుడూ తప్పే అంది. అక్షరం అక్షరం సరిచూడటమే వృత్తిగా బతికే మనిషిని, నా కళ్ల మీద నాకే అనుమానం వచ్చింది. పాస్‌వర్డ్‌లో తప్పేమీ లేదు. కొత్త రౌటర్ డబ్ల్యూపీఏ3 అనే తాళంతో ఉంది. ఆ తాళం 2018లో వచ్చింది. మా ప్రింటర్ 2013 నాటిది, దానికి తెలిసింది 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2. తాళం రకమే తెలియనప్పుడు ‘ఈ తాళం నాకు తెలియదు’ అని చెప్పాలి గానీ, ‘పాస్‌వర్డ్ తప్పు’ అని మనిషి మీదికి నెట్టేస్తే ఎలా? ప్రింటర్లు తయారుచేసేవారిని నేను గట్టిగా నిలదీయాలనుకునే విషయం ఇదొక్కటే. ఆ ఒక్క సందేశం సరిగ్గా రాసి ఉంటే నాకు ముప్పావుగంట మిగిలేది, ఇంకెవరికో ప్రింటరే మిగిలేది.

రౌటర్ సెట్టింగ్స్‌లో డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిపి వాడే పద్ధతి కూడా ఉంది. అది పెట్టి చూశాం. చాలా పరికరాలు దానితో సర్దుకుంటాయట. మాది సర్దుకోలేదు. పాత పరికరాలు కొన్ని ఆ కలగలుపు దగ్గర కూడా తడబడతాయి. అప్పుడు మా అబ్బాయి చెప్పిన ఉపాయం నాకు ఎంతో నచ్చింది. కొత్త రౌటర్ 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లను, అంటే వైఫై నడిచే రెండు తరంగ దారులను, ఒకే పేరుతో చూపిస్తోంది. మా ప్రింటర్‌కు 2.4 తప్ప మరొకటి అందదు. కాబట్టి రెంటినీ విడదీశాం. 5 గిగాహెర్ట్జ్‌కు కొత్త పేరు, డబ్ల్యూపీఏ3 అలాగే ఉంచి ఫోన్లు, ల్యాప్‌టాప్ దాని మీదే వదిలేశాం. 2.4కు మాత్రం మన పాత రౌటర్ పేరు, పాత పాస్‌వర్డ్, డబ్ల్యూపీఏ2 పెట్టమన్నాడు. పాత పేరు పెడితే ప్రింటర్‌లో ఒక్క అక్షరమూ కొట్టక్కర్లేదు. దానికి గుర్తున్న పేరు, గుర్తున్న పాస్‌వర్డ్, గుర్తున్న తాళం గాలిలో మళ్లీ కనిపిస్తే అదే వచ్చి కలుస్తుంది. పెట్టె మారిందని దానికి తెలియను కూడా తెలియదు.

పెట్టాను. దీపం మిణుకుమంటూనే ఉంది. పది నిమిషాలు చూశాను. ‘పేరు సరిగ్గా అదేనా అమ్మా?’ అని అడిగాడు. అదే అన్నాను. పన్నెండేళ్లుగా చూస్తున్న పేరు, మా ఇంటిపేరు, ఒక గీత, తర్వాత ‘హోమ్’ అనే మాట. ‘గీత ఎక్కడుంది?’ అన్నాడు. నెట్‌వర్క్ పేజీని దీపం కిందికి తెచ్చి భూతద్దం పెట్టి చూశాను. గీత అక్షరాల నడుమ లేదు, అడుగున ఉంది. నేను కొట్టింది హైఫన్, అక్కడున్నది అండర్‌స్కోర్. ‘హోమ్’లో మొదటి అక్షరం పెద్దది, నేను చిన్నది కొట్టాను. మనకు రెండూ ఒకే పేరు, యంత్రానికి ఒకదానికొకటి సంబంధం లేని రెండు పేర్లు. ఒక్క చుక్క తేడా ఉన్నా, చివర కనిపించని ఖాళీ ఒకటి మిగిలినా అది కలవదు. జ్ఞాపకం నుంచి రాసిన ప్రూఫును నేను ఎవరి దగ్గరా ఒప్పుకోను, మూలప్రతి పక్కన పెట్టుకోవాల్సిందే అంటాను. ఇక్కడ ఆ నెట్‌వర్క్ పేజీయే మూలప్రతి. సరిదిద్ది సేవ్ చేశాను. రౌటర్ ఒకసారి ఆగి వెలిగింది. నిమిషం గడిచింది. నీలం దీపం రెండుసార్లు గబగబా మిణికి నిలకడగా వెలిగింది. ఆ వెలుగు చూసి నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను.

అయినా ల్యాప్‌టాప్ ‘ఆఫ్‌లైన్’ అనే అంటోంది. ఇక్కడే రెండో ముడి.

మళ్లీ నెట్‌వర్క్ పేజీ తీయించాను. ఈసారి స్థితి దగ్గర ‘కలిసింది’ అని ఉంది. ఐపీ అడ్రస్ మాత్రం అదే, 192.168.1.50. ల్యాప్‌టాప్ అడ్రస్ చూస్తే 192.168.0.14. రెండింటినీ ఒకదాని కింద ఒకటి రాసుకుంటే తేడా కళ్లకు కట్టింది, మూడో గుంపులో ప్రింటర్‌కు 1, ల్యాప్‌టాప్‌కు 0. పాత రౌటర్ ఇంట్లో వాటికి 192.168.1తో మొదలయ్యే నంబర్లు ఇచ్చేది, కొత్తది 192.168.0తో మొదలయ్యేవి ఇస్తోంది. ఇవి ఎవరింట్లో వాళ్లు వాడుకోవడానికి విడిగా కేటాయించిన నంబర్లు, ఏది ఎంచుకోవాలన్నది రౌటర్ చేసేవారి ఇష్టం. మామూలు ఇళ్లలో మొదటి మూడు గుంపులూ వీధి పేరు అనుకోండి, చివరిది ఇంటి నంబరు. ఇల్లంతా కొత్త వీధికి మారింది, ప్రింటర్ తలుపు మీద మాత్రం పాత వీధి పలక అలాగే ఉంది. ఒకే గాలిలో ఉన్నా ఒకదాని మాట ఒకదానికి చేరదు. 2013లో మా అబ్బాయే ఆ అడ్రస్‌ను చేత్తో పెట్టాడు, ప్రింటర్ రోజుకో నంబరుకు మారకుండా ఉండాలని. అది అప్పటికి మంచి పనే. ‘మాన్యువల్’ అన్న మాటను నెట్‌వర్క్ పేజీలో మొదటే చూసి ఉంటే ఈ ముడి ఇంత దూరం రాకుండానే విప్పేవాళ్లం.

ప్రింటర్ మెనూలో ఆ ‘మాన్యువల్’ను ‘ఆటో’ చేశాను. అది రౌటర్‌ను అడిగి 192.168.0.23 తెచ్చుకుంది. మళ్లీ మారిపోకుండా ఈసారి కట్టుబాటు ప్రింటర్‌లో పెట్టలేదు, రౌటర్‌లో పెట్టాం. నెట్‌వర్క్ పేజీలో మ్యాక్ అడ్రస్ అని, ఆ పరికరానికే సొంతమైన పన్నెండు అక్షరాలు, అంకెలు కలిసిన వరుస ఒకటి ఉంటుంది. ఈ మ్యాక్ ఉన్న పరికరానికి ఎప్పుడూ 50వ నంబరే ఇవ్వు అని రౌటర్‌లో రిజర్వ్ చేశాం. ప్రింటర్‌ను ఆపి వెలిగిస్తే 192.168.0.50 వచ్చింది. రేపు మరో రౌటర్ వచ్చినా ప్రింటర్ పాత వీధిలో చిక్కుకుపోదు. మీ పాఠకుల్లో ఎవరికైనా ఆ పేజీలో 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే అది వేరే కథ. నంబరు ఇచ్చేవాళ్లు ఎవరూ పలకక, ప్రింటర్ తనకు తానే పెట్టుకున్న నంబరు అది. అంటే చాలావరకు రౌటర్ దాకా అసలు చేరలేదన్నమాట, మళ్లీ పేరు, తాళం, పాస్‌వర్డ్ దగ్గరికే వెళ్లాలి.

మూడోది ల్యాప్‌టాప్‌లో ఉంది, చాలా చిన్నది. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో ‘పోర్ట్స్’ అనే చోట పాత అడ్రస్ 192.168.1.50 రాసి ఉంది. ల్యాప్‌టాప్ పాపం ఇంకా ఆ తలుపే తడుతోంది. కొత్తగా టీసీపీ/ఐపీ పోర్ట్ ఒకటి చేర్చి 192.168.0.50 ఇచ్చాను. దానికంటే ముందు శనివారం నేను ఐదుసార్లు నొక్కిన ప్రింట్లను వరుసలోంచి రద్దు చేశాను. ఈ పని మర్చిపోతే దారి తెరుచుకోగానే 48 పేజీలు ఐదుసార్లు బయటికొస్తాయి. తర్వాత ఒక పరీక్ష పేజీ పంపాను. పక్క గదిలో ప్రింటర్ ఫ్యాను తిరిగిన చప్పుడు వినిపించింది.

అంతే. యంత్రంలో స్క్రూ విప్పలేదు, భాగం మార్చలేదు, కొత్తది ఏదీ కొనలేదు.

తర్వాత మరో ఇద్దరు తెలిసినవాళ్లకు ఇదే పని చేసిపెట్టాను. ఒకరింట్లో ప్రింటర్ కలిసినా ఫోన్ నుంచి కనబడలేదు. ఫోన్ గెస్ట్ వైఫైలో ఉంది. గెస్ట్ వైఫైలో ఉన్నవి ఇంట్లోని మిగతా పరికరాలను చూడకుండా రౌటర్ అడ్డుగోడ కడుతుంది, అతిథులకు అది సబబే. ఫోన్‌ను అసలు వైఫైకి మార్చగానే ప్రింటర్ కనిపించింది. ఇంకొకరి ఇంట్లో రౌటర్ 2.4 బ్యాండ్‌లో తనంతట తాను 13వ ఛానల్ (బ్యాండ్ లోపలి చిన్న దారి) ఎంచుకుంది. కొన్ని పరికరాలకు 1 నుంచి 11 దాకానే వినిపిస్తుంది. 6 పెట్టాం, పేరు జాబితాలోకి వచ్చింది. ఆ ప్రింటర్ వెనక ఇంటర్నెట్ కేబుల్ పట్టే సాకెట్ ఉందని, దాని మీద అంటించిన చీటీ తీయనేలేదని ఆ తర్వాత చూశాం. అది ఉన్నవాళ్లు ప్రింటర్‌ను రౌటర్ పక్కన పెట్టుకునే వీలుంటే నేరుగా కేబుల్ గుచ్చుకోవడమే ఉత్తమం. వైఫై పేరు, తాళం, ఛానల్ గొడవలేవీ ఉండవు.

రౌటర్ మీద ఉండే డబ్ల్యూపీఎస్ బటన్ నొక్కితే సరిపోతుందని కొందరు చెబుతారు. పాస్‌వర్డ్ కొట్టకుండా కలిపే సౌకర్యం అది. డబ్ల్యూపీఏ3 మాత్రమే పెట్టిన వైఫైలో అది పనిచేయదు. పైగా దాని పిన్ పద్ధతిలో లోపం ఉందని 2011లోనే బయటపడింది. ఎనిమిదంకెల పిన్‌ను రెండు ముక్కలుగా సరిచూస్తుంది కాబట్టి కోట్లలో ఉండాల్సిన ప్రయత్నాలు 11,000కు పడిపోతాయి. కాబట్టి దాన్ని ఎప్పుడూ తెరిచి ఉంచడం నాకు ఇష్టం లేదు.

భద్రత విషయంలో నేను ఒక గీత గీసుకున్నాను, అది కూడా చెప్పాలి. ప్రింటర్ కోసం 2.4 బ్యాండ్‌కు డబ్ల్యూపీఏ2 పెట్టడం, అదీ ఏఈఎస్ అనే గుప్తీకరణ పద్ధతితో, పొడవైన పాస్‌వర్డ్‌తో పెట్టడం ఇంటికి సరిపోతుందని నా నమ్మకం. డబ్ల్యూపీఏ2 కూడా తెలియక, అంతకుముందు నాటి డబ్ల్యూఈపీ మాత్రమే తెలిసిన ప్రింటర్లు ఇంకా కొన్ని ఇళ్లలో ఉండవచ్చు. దాని కోసం ఇంటి తాళాన్ని అంత కిందికి దించవద్దు. డబ్ల్యూఈపీని ఛేదించవచ్చని 2001లోనే తేలిపోయింది. అలాంటి ప్రింటర్‌ను కూడా పారేయక్కర్లేదు, యూఎస్‌బీ కేబుల్‌తో వాడుకోవచ్చు. అలాగే ఇంటర్నెట్ ద్వారా ప్రింటర్‌కు పంపే గూగుల్ క్లౌడ్ ప్రింట్ మీద ఆధారపడి ఫోన్ నుంచి అచ్చు వేసుకున్నవాళ్లు ఆ సేవ 2020 డిసెంబర్ 31తో ఆగిపోయిందని గుర్తుంచుకోవాలి. ఆ సేవ ఆగిన సంగతి తెలియక, రౌటర్ మార్చినప్పుడు అచ్చు రావడం లేదని గమనించి, తప్పు రౌటర్ మీద వేసి గంటలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

రౌటర్లు పెట్టే కుర్రాళ్లకు నాదొక విన్నపం. పాతది సంచిలో వేసుకునే ముందు ‘దీనికి ఇంకా ఏమేం కలిసి ఉన్నాయి?’ అని ఒక్క మాట అడగండి. పాత వైఫై పేరును, పాస్‌వర్డ్‌ను, భద్రత రకాన్ని, దాని 192.168 నంబరును ఒక చీటీ మీద రాసి ఇంట్లోవాళ్ల చేతికి ఇవ్వండి. లేదా ఫోన్‌తో ఆ సెట్టింగ్స్ పేజీ ఫొటో తీసి పంపండి. రెండు నిమిషాల పని. మా ఇంట్లో పాత పాస్‌వర్డ్ నాకు తెలియకపోయినా ప్రింటర్‌కు తెలుసు, కానీ దాని నోటి నుంచి ఎవరూ రాబట్టలేరు, నెట్‌వర్క్ పేజీలో పాస్‌వర్డ్ అచ్చు కాదు. అదృష్టం కొద్దీ పాత డైరీలో రాసి ఉంది. లేకపోయి ఉంటే మళ్లీ బాణాలు నొక్కుకుంటూ కూర్చోవాల్సి వచ్చేది.

‘ఆఫ్‌లైన్’ అన్న మాట గురించి కూడా మీ దృష్టికి తేవాలనుకున్నాను. మాటలతో పనిచేసే మనిషిగా నాకు ఆ మాట బాధ కలిగిస్తుంది. ‘నేను పిలిచాను, జవాబు రాలేదు’ అని కంప్యూటర్ చెబుతున్నది అంతవరకే. ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు, దుకాణాల్లో సలహా ఇచ్చేవాళ్లు, చివరికి పత్రికలూ దాన్ని ‘చెడిపోయింది’ అని చదువుకుంటున్నారు. పిలిచినవాడు తప్పు తలుపు తట్టి ఉండవచ్చు, వీధి మారి ఉండవచ్చు. మీ సాంకేతిక పేజీ ఈ మాటను తెలుగు చేసినప్పుడల్లా ‘అందుబాటులో లేదు’ అని రాస్తే, చదివినవాళ్లు కనీసం ఎందుకు లేదో వెతుకుతారు. ‘పనిచేయడం లేదు’ అని మాత్రం రాయకండి.

నేను ప్రింటర్ అడుగున ఒక చీటీ అంటించాను. వైఫై పేరును పెద్ద అక్షరాల్లో, అండర్‌స్కోర్ కింద ఎర్ర సిరాతో ‘అడుగు గీత’ అని రాసి, పక్కన 192.168.0.50 అని, కింద మ్యాక్ అడ్రస్ అని రాశాను. ఆ మొదటి నెట్‌వర్క్ పేజీని కూడా ప్రూఫుల ఫైలులోనే దాచుకున్నాను.

వచ్చే ఆదివారం సవరణల చోట మీ వ్యాసంలోని ఆ వాక్యాన్ని ఇలా మార్చి వేయవలసిందిగా కోరుతున్నాను: ‘పాత ప్రింటర్లు కొత్త రౌటర్‌తో కలవకపోతే, మార్చే ముందు ప్రింటర్ నెట్‌వర్క్ పేజీ అచ్చు తీసి, వైఫై పేరు, భద్రత రకం, ఐపీ అడ్రస్ మూడూ రౌటర్‌తో సరిచూడండి.’

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక ప్రూఫ్ రీడర్